విసనకర్ర మీద ఎర్లీన్

టాలీ ల్యాండింగ్, మిసిసిపీ
ఫిబ్రవరి

క్లాడెట్‌కు పెద్దక్క రాసేది,

పేపరులో నీ ఫోటో చూశాం. మెంఫిస్‌లోని హాలోవెల్ క్యాన్సర్ పరిశోధనా కేంద్రంలో వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకోవడం అనే విభాగానికి నిన్ను అధిపతిని చేశారట. ఆదివారం పాస్టరు గారు ప్రకటిస్తే జనం చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక లవోనియా నా చెయ్యి పట్టుకుని, "ఆ మూడూ ఏంటి ఓజెల్లా? రోగాలా, మందులా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అబద్ధం చెప్పలేదు.

అసలు సంగతి. మన నడిమిది ఎర్లీన్‌కి క్యాన్సరు మళ్ళీ వచ్చింది. రొమ్ము తీసేసిన వైపే, చంకలో. నీకు చెప్పవద్దంది. "చిన్నది పెద్ద పనిలో ఉంది, దాన్ని కదపకు" అంది. నేను కదుపుతున్నాను.

ఇక్కడి డాక్టరమ్మ బ్రాస్‌వెల్ తన దగ్గరున్న మందులన్నీ వాడేసింది. ఇలాంటి గడ్డకే మీ హాలోవెల్‌లో కొత్త మందు ఒకటి పరీక్షిస్తున్నారట. అందులో చేరితేనే ఆశ అంది. వరసలో ముందుకు తొయ్యమని అడగడం లేదు. వరసలో నిలబెట్టు, చాలు.

ఫోను చేస్తే "మీటింగులో ఉన్నానక్కా" అంటావు. ఉత్తరానికి ఆ మాట చెప్పలేవని రాశాను.

మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నీ పేరూ తలుస్తున్నాను.
ఓజెల్లా


మెంఫిస్
మార్చి

పెద్దక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. వెంటనే మీటింగు ఉంటే మొహం కడుక్కుని వెళ్ళాను. నవ్వుకో, నాకు తెలుసు నవ్వుతావని.

ఎర్లీనక్కని ఏప్రిల్ మొదట్లో తీసుకురా. ఆ కొత్త మందు పరీక్షకి పెద్ద డాక్టర్ ప్రెస్కాట్. చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు. "మీ అక్కలాంటి వాళ్ళే మాకు కావాలి క్లాడెట్!" అన్నాడు. నిజమే. మా చుట్టుపక్కల ఉన్నవాళ్ళలో సగం మంది మన నల్లవాళ్ళే. మా పరీక్షల్లో మాత్రం మనవాళ్ళు కలికానికి కూడా దొరకరు. అది మార్చడానికే నన్ను పెట్టుకున్నారు.

వీళ్ళ గురించి నీకు రాయకపోతే నాకు తోచదు. పోయిన నెల నల్లవాళ్ళ చరిత్ర నెల అని విందు పెట్టారు. మనం గంటలకొద్దీ ఉడికించే కొలార్డ్ ఆకుని వంటవాడు పచ్చిగా తరిగి పైన ఎండుద్రాక్ష చల్లాడు. ప్రెస్కాట్ నా పక్కన చేరి, "మీ అమ్మగారు ఇలాగే చేసేవారా?" అన్నాడు. "ఇలా చేసుంటే మేం ముగ్గురం ఇల్లు వదిలి పారిపోయేవాళ్ళం" అన్నాను. తెగ నవ్వి, ఇంకాస్త వడ్డించుకున్నాడు.

మన చర్చిలకి వెళ్ళడం ఎలాగని కమిటీ తలలు పట్టుకుంటే నేనొక ఉపాయం చెప్పాను. కరపత్రాలు ఎవరూ చదవరు, చర్చిలో అందరి చేతిలో ఉండే అట్ట విసనకర్రలు అచ్చు వేయించి పంచండి అన్నాను. ఎగిరి గంతేశారు. దాని మీదికి ఒక మొహం కావాలి. ఈస్టరు టోపీ పెట్టుకున్న ఎర్లీనక్క కన్నా అందమైన మొహం మన మిసిసిపీ డెల్టాలో ఎక్కడుంది? వచ్చేటప్పుడు ఆ ఊదా టోపీ తెమ్మను.

నీ చిన్న,
క్లాడెట్


టాలీ ల్యాండింగ్
ఏప్రిల్

క్లాడెట్‌కు,

మేం వచ్చిన రోజు నువ్వు కిందికి దిగి మమ్మల్ని కావలించుకున్నావు, మాతో ఫోటో దిగావు, మీటింగుకి వెళ్ళిపోయావు. తర్వాత జరిగింది నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఫోటో తీశారు. రక్తం తర్వాత తీశారు. ఫోటోకి చాలాసేపు పట్టింది. కెమెరా అబ్బాయి మర్యాదస్తుడే. "కొంచెం ఆశగా నవ్వండమ్మా" అన్నాడు. "ఆశకి ఎన్ని పళ్ళు కనిపించాలి బాబూ?" అంది ఎర్లీన్. కింది హాల్లో గోడంతా రంగురంగుల మనుషులు నవ్వుతూ ఉన్న ఫోటోలు కదా, వాటి ముందు కాసేపు నిలబడి, "వీళ్ళందరికీ క్యాన్సరని తెలిశాకే ఇంత నవ్వొచ్చిందా?" అని నా చెవిలో గొణిగింది. మన చర్చి డీకన్ పర్విస్ కారులో ఇంటిదాకా పాటలు పాడుతూనే ఉంది. మర్నాడే సంచి సర్దుకుని మంచం కింద పెట్టుకుంది, మీ వాళ్ళు పిలవగానే బయల్దేరాలని.

నిన్న మీ నర్సు ఫోను చేసింది. రక్తంలో తెల్లకణాలు వాళ్ళు గీసిన గీతకి కింద ఉన్నాయట. చేర్చుకోవడం కుదరదట. ఓపికగా వచ్చినందుకు ధన్యవాదాలట.

"మాకు తెల్లవాళ్ళ సాయం ఎప్పుడూ తక్కువే తల్లీ, ఉన్నంతలోనే బతికాం" అంది ఎర్లీన్. ఆ పిల్ల నవ్వలేదట. ఫోను పెట్టేశాక ఎర్లీనూ నవ్వలేదు. సంచి మాత్రం విప్పలేదు.

ఆ గీత ఏమిటో, ఎవరు గీశారో రాయి.
ఓజెల్లా


మెంఫిస్
మే

పెద్దక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. పని.

ఎర్లీనక్క విషయం విని మనసు పాడైంది. కానీ ఆ గీత ఆవిడ క్షేమం కోసమే పెట్టింది. తెల్లకణాలు తక్కువున్న మనిషికి అంత బలమైన మందు ఎక్కిస్తే చిన్న జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. నియమం అందరికీ ఒకటే. కొన్నాళ్ళాగి మళ్ళీ పరీక్ష చేయించండి, పెరగొచ్చు. ఈలోగా ఆకుకూరలు బాగా తినమను.

నువ్వొకటి అర్థం చేసుకోవాలి. మనవాళ్ళని గుమ్మం దాకా తీసుకురావడం నా పని. లోపలికి ఎవరిని తీసుకోవాలన్నది డాక్టర్ల పని.

ఒక మంచి కబురు. విసనకర్రలు వచ్చేశాయి! అక్క ఎంత బాగుందో. మొహం కింద "మీరు లేనిదే మేం లేం" అని అచ్చు వేశారు, దాని కింద చిన్న అక్షరాల్లో కేంద్రం పేరు. డెల్టాలోని చర్చిలన్నిటికీ పంపుతున్నాం. మొదటి డబ్బాలు మన చర్చికే.

తొందరలో,
క్లాడెట్


టాలీ ల్యాండింగ్
జూన్

క్లాడెట్‌కు,

డబ్బాలు అందాయి.

ఆ ఆదివారం ఎర్లీన్‌కి నలతగా ఉంటే నేనూ ఇంట్లోనే ఉండిపోయాను. చర్చి గుమ్మంలో నిలబడి జనాన్ని కూర్చోబెట్టవలసిన దాన్ని నేను లేకపోతే మిగతా తెల్ల గ్లవుల సహోదరీలు డబ్బాలు విప్పి, వరసలవారీగా పంచేశారు.

మన దగ్గర మనిషి మొహం విసనకర్ర మీదికి ఎప్పుడు ఎక్కుతుందో నీకు తెలియదా? అమ్మ అంత్యక్రియల రోజున అమ్మ మొహం ఉన్న విసనకర్రని నీ చేతిలోంచి విడిపించడానికి నేనూ ఎర్లీనూ ఇద్దరం పట్టాం. మెంఫిస్ నీళ్ళు అంతగా మరిపిస్తాయని నాకు తెలియదు.

మేమిద్దరం చర్చికి రాలేదు. విసనకర్ర మీద ఎర్లీన్ మొహం. దాని కింద "మీరు లేనిదే మేం లేం." జనం ఇంకేమనుకుంటారు? పాస్టరు గారు వాక్యం మధ్యలో ఆపి ప్రార్థన చేయించారట. మధ్యాహ్నానికి మన వరండా నిండా మనుషులు. పంది మాంసం హామ్, కోడి వేపుడు, మాకరోనీ, మూడు రకాల పండ్ల పైలు. తలుపు తీసింది ఎర్లీన్. ఎదురుగా ఉన్న లవోనియా పౌండ్ కేకు పళ్ళెం కింద పడేసింది.

"ఏంటే లవోనియా, అలా చూస్తావు?"

"నువ్వు పోయావుగా ఎర్లీన్!"

"ఎవరు చెప్పారు?"

"విసనకర్ర!"

ఎర్లీన్ దాన్ని తీసుకుని దూరంగా పెట్టి చూసుకుంది. "టోపీ బాగానే పడింది" అంది. తర్వాత, "పర్విసన్నా, ఆ హామ్ లోపలికి తెండి. నేను పోయినందుకు తెచ్చారు కాబట్టి మొదటి ముక్క నాదే. లవోనియా, నేలకి తగలని కేకు ఏరు" అంది. అందరూ ఏడుస్తూ నవ్వారు. సాయంత్రం దాకా తిన్నారు.

జనం వెళ్ళాక వంటింట్లో కూర్చుని ఆ విసనకర్రతోనే విసురుకుంటూ అంది: "నా మొహం వాళ్ళకి పనికొచ్చిందక్కా. రక్తమే పనికి రాలేదు."

మర్నాడు డాక్టరమ్మ బ్రాస్‌వెల్ దగ్గరికి వెళ్ళి మీ నర్సు చెప్పింది చెప్పాను. ఆమె నా చేతిలోంచి కూడా రక్తం తీసింది. నాదీ ఎర్లీన్ లాగే మీ గీతకి కింద ఉంది. నాకు ఈ వయసులో జలుబు కూడా లేదు.

"ఇది జబ్బు కాదు ఓజెల్లా. పుట్టుకతోనే మీకింతే. మనవాళ్ళలో చాలామందికి ఇంతే. ఆ గీత గీసినప్పుడు ఎవరి రక్తం ముందు పెట్టుకున్నారో వాళ్ళకది సరిపోతుంది" అంది. ఆకుకూరల సంగతి చెప్పాను. చేతిలో కాగితం బల్ల మీద పెట్టింది. తర్వాత, "మీ చెల్లెలు రక్తం మీదే కదా చదువుకుంది? ఆమెకి తెలియకుండా ఉండదే" అంది.

దానికి జవాబు నువ్వు చెప్పు.
ఓజెల్లా


మెంఫిస్
జూలై

అక్కా,

తెలుసు. నర్సు మీకు ఫోను చేసిన రోజే తెలుసు. నాదీ ఆ గీతకి కిందే.

పోయిన నెల ఒకసారి నోరు విప్పాను. ఈ గీత వల్ల మనవాళ్ళు ఎంతమంది వెనక్కి పోతున్నారో చెప్పాను. ప్రెస్కాట్ బల్ల చరిచాడు. "అద్భుతమైన మాట క్లాడెట్! దీని మీద ఉపకమిటీ వేద్దాం" అన్నాడు. ఉపకమిటీకి అధ్యక్షురాలిని నేనే. ఇంకో సభ్యుడు లేడు. గీత మార్చాలంటే అనుమతులన్నీ మళ్ళీ తెచ్చుకోవాలి, మందు కంపెనీ సణుగుతుంది, పని ఆగుతుంది. నేను ఇంకోసారి ఎత్తితే, "అది సైన్సు క్లాడెట్" అన్నాడు మెల్లగా, నేనేదో బృందగానంలో పాడటానికి వచ్చినదాన్నయినట్టు. నా యవ్వనమంతా రక్తాన్ని చూస్తూ గడిపాను. ఆయన నన్ను పిలిచేది వేదిక మీద కుర్చీ ఖాళీగా కనిపించకుండా ఉండటానికి.

వీళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రతి గదిలో ఆ మూడు మాటలూ ఫ్రేము కట్టించి పెట్టారు. ప్రతి మీటింగూ ఇది మొదట ఏ ఆదివాసుల నేలో తలుచుకోవడంతో మొదలవుతుంది, మన ఊళ్ళో ఆరాధనకి ముందు ప్రార్థన చేసినట్టు. ఆ తర్వాత ఎవరి కుర్చీలో వాళ్ళే.

నేనూ నా కుర్చీలోనే ఉన్నాను. గట్టిగా అరిస్తే సొంత అక్క కోసం అరుస్తోందంటారు. నన్ను తీసేస్తే ఆ గుమ్మంలో మనవాళ్ళెవరూ ఉండరు. ఇలా అని రోజూ నాకు నేను చెప్పుకుంటున్నాను. నీ చెవికి ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు.

ఒక్కటి అడుగుతాను. సెప్టెంబరులో వాషింగ్టన్ నుంచి తనిఖీకి పెద్దలు వస్తున్నారు. ఈ కేంద్రం పెద్ద హోదా నిలబడాలా పోవాలా అన్నది వాళ్ళ చేతిలో ఉంది. ఎర్లీనక్క ఆ టోపీ పెట్టుకుని వచ్చి రెండు మంచి మాటలు చెబితే ప్రెస్కాట్ నాకు రుణపడతాడు. ఆ రోజు రక్తం సంగతి మాత్రం ఎత్తకండి. వాళ్ళు వెళ్ళిపోగానే నేనే ఆయనతో తేలుస్తాను. అమ్మ మీద ఒట్టు.

క్లాడెట్


టాలీ ల్యాండింగ్
ఆగస్టు

క్లాడెట్‌కు,

అమ్మని ఇందులోకి లాగకు.

నీ ఉత్తరం ఎర్లీన్‌కి చదివి వినిపించాను. అంతా విని, "పాపం, దాన్ని కూడా విసనకర్ర మీద అచ్చు వేశారక్కా" అంది. ఆమెకి నీ మీద జాలి. గడ్డ నిమ్మకాయంత అయింది, చెయ్యి పైకెత్తలేదు, అయినా జాలి నీ మీదే.

మేం రాం. ఆమె టోపీ మీ కార్యక్రమాలకి కాదు.

బదులుగా విసనకర్రలు వస్తాయి. మీరు పంచిన ప్రతి చర్చిలోనూ గుమ్మంలో నిలబడే సహోదరీలు ఉన్నారు. వాళ్ళందరితో మాట్లాడాను. రోజెడేల్ వాళ్ళు, షెల్బీ వాళ్ళు, నది అవతలి వాళ్ళు కూడా సరేనన్నారు. వాళ్ళలో చాలామంది పోయిన నెల డాక్టరమ్మ దగ్గర రక్తం పరీక్ష చేయించుకున్నారు. సగానికి పైగా మన బాపతే, గీతకి కిందే.

"ఇది కోపంతో చేస్తున్నావా ఓజెల్లా?" అని పాస్టరు గారు అడిగారు. "లేదండి. వాళ్ళ వస్తువు వాళ్ళకి తిప్పి పంపుతున్నాను" అన్నాను. అయితే తన విసనకర్ర కూడా పంపమని ఇచ్చారు.

డబ్బాలు నీ పేరు మీదే వస్తాయి. విప్పేది నువ్వే. మూలన పడేసినా అడిగేవాళ్ళు లేరు.

నీ కోసం ప్రార్థించడం మానలేదు. ఇదివరకటిలా తేలిగ్గా మాత్రం రావడం లేదు.
ఓజెల్లా


మెంఫిస్
సెప్టెంబరు

పెద్దక్కా,

డబ్బాలు వారమంతా వస్తూనే ఉన్నాయి. నా గదిలో కాలు పెట్టే చోటు లేకపోయింది. మొదటిది విప్పాను. ఎర్లీనక్క ఆశగా నవ్వుతోంది. వెనక్కి తిప్పాను. ఖాళీగా ఉన్నచోట నీ చేతిరాత.

"ఈమె బతికే ఉంది. లోపలికి ఎప్పుడు రానిస్తారు?"

అన్నిటి వెనకా అదే ప్రశ్న. ముసలి చేతులు, వణికే చేతులు, బడి అక్షరాలు. ఒక్కదాని వెనక మాత్రం "ఆకుకూరలు నువ్వు తిను" అని ఉంది. లవోనియా అనుకుంటాను.

రెండు రోజులు తలుపు మూసుకుని కూర్చున్నాను. అబద్ధం చెప్పను, డబ్బాలు దాచేద్దామని మెట్ల కింద స్టోరు గది తాళం కూడా అడిగి తెచ్చుకున్నాను. తనిఖీకి ముందు రోజు ప్రెస్కాట్ లోపలికి తొంగి చూశాడు. "చర్చిలు తిరిగి పంపాయా? మన కోసం? ఎంత హృద్యంగా ఉంది! ప్రతి కుర్చీ మీదా ఒకటి పెట్టించు క్లాడెట్" అన్నాడు. ఒకటి చేతిలోకి తీసుకుని అక్క మొహం చూసి మురిసిపోయాడు. వెనక్కి తిప్పలేదు. ఇన్నేళ్ళలో ఏదైనా వెనక్కి తిప్పి చూసిన పాపాన పోయాడా? ఆ క్షణంలో నాకు భయం పోయింది అక్కా. ఇలాంటి మనిషికా నేను ఇన్నాళ్ళు భయపడ్డాను అనిపించింది.

నేనే స్వయంగా పెట్టాను, అక్క మొహం పైకి వచ్చేలా.

అద్దాల హాలు నీకు తెలుసుగా, మధ్యాహ్నం ఉడికిపోతుంది. ప్రెస్కాట్ వేదిక మీద నిలబడి అందరినీ కలుపుకోవడం గురించి చెబుతూ చెమట పట్టి విసురుకోవడం మొదలుపెట్టాడు. విసురుకునేవాడికి ముందువైపు కనిపిస్తుంది. ఎదుటివాళ్ళకి వెనకవైపు. ముందు వరసలో వాషింగ్టన్ నుంచి వచ్చిన తెల్లజుట్టు పెద్దావిడ కళ్ళద్దాలు సర్దుకుని ఆయన చేతిలోదే చదివింది. తర్వాత తన చేతిలోది తిప్పింది. పక్కవాళ్ళూ తిప్పారు. హాలంతా అట్టల చప్పుడు.

"డాక్టర్, ఈవిడ ఎవరు? ఎందుకు రానివ్వలేదు?" అంది ఆవిడ.

ఆయన తన చేతిలోది అప్పుడు తిప్పి చూసుకున్నాడు. "ఇది... క్లాడెట్ వివరిస్తుంది" అన్నాడు.

వివరించాను. గీత ఎక్కడుందో, ఎవరి రక్తం చూసి గీశారో చెప్పాను. ఆవిడ మా అక్క అని నేనే ముందు చెప్పేశాను, వెనక ఎవరూ గుసగుసలాడకుండా. "నా రక్తమూ మీ గీతకి కిందే. ఈ హాలు అలంకరణకి పనికొచ్చాను. రేపు నాకు క్యాన్సరొస్తే మీ మందుకి పనికి రాను" అన్నాను.

వాళ్ళు ఆ సాయంత్రమే ప్రెస్కాట్‌ని గదిలో కూర్చోబెట్టారు. గీత మార్చడానికి కేంద్రం వాళ్ళు అనుమతులు అడిగారు, మందు కంపెనీ కూడా ఒప్పుకుందట. నన్ను వచ్చే ఏడాది నుంచి "ఇంకా సరిపోయే పాత్ర" లోకి మారుస్తామన్నారు. ఆ పాత్ర ఏదో వాళ్ళకీ తెలియదు. ప్రెస్కాట్ నాతో మాట్లాడటం మానేశాడు. ఈ ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి సుఖం అదే.

అక్కని సంచి విప్పవద్దని చెప్పు.

చిన్న


టాలీ ల్యాండింగ్
నవంబరు

క్లాడెట్‌కు,

మెంఫిస్‌లో నీతో ఎక్కువ మాట్లాడలేదు. ఈ మాటలు మందు ఎక్కుతున్న మనిషి ముందు మాట్లాడేవి కావు. అందుకని రాస్తున్నాను.

ఎర్లీన్ మొదటి మోతాదు తర్వాత రెండు రోజులు వాంతులు చేసుకుంది. మూడో రోజు మెత్తటి బిస్కెట్టు రొట్టె, గ్రేవీ అడిగింది. జ్వరం రాలేదు. మీరు అంత భయపడిన తెల్లకణాలు ఎప్పటిలాగే ఉన్నాయి, కాస్త తక్కువగా, తమ పని తాము చేసుకుంటూ.

గడ్డ ఏప్రిల్‌లో చంకలోనే ఉండేది. ఇప్పుడు ఎముకలోకి దిగింది. మందు దాన్ని అందుకోగలదో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. చేజారిన ఈ నెలల సంగతి నేను ఎర్లీన్ ముందు ఎత్తను. నీ ముందు ఎత్తుతున్నాను.

రోజెడేల్ నుంచి ఇద్దరు, షెల్బీ నుంచి ఒకామె ఇప్పుడు ఆ మందు పరీక్షలో చేరారు. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాశాను.

మీ కేంద్రం పత్రిక వచ్చింది. రక్తం గీతని సరిచేసి దేశానికే దారి చూపించామని అందులో ఉంది. డాక్టర్ ప్రెస్కాట్ విసనకర్ర పట్టుకుని నవ్వుతున్నాడు. ముందువైపే కనిపిస్తోంది. నీ పేరు లేదు, ఎర్లీన్ పేరూ లేదు. లవోనియా దాన్ని కోళ్ళ గూటిలో పరిచింది.

నువ్వు హాల్లో లేచి నిలబడ్డావని ఎర్లీన్ ఊరంతా చెప్పుకుంటోంది. నువ్వు తెచ్చుకున్న తాళం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

నిన్ను క్షమించానని రాయమంది ఎర్లీన్. రాశాను.

నేను దానికోసం ఇంకా ప్రార్థిస్తున్నాను.
ఓజెల్లా